వన్స్‌మోర్... ఎవరికి?

బషీర్‌బాగ్‌లో బయల్దేరి నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ మీదుగా ఓ చుట్టు తిరిగొస్తే కాలేజీ, నాటకాలాడే సభ, గ్రంథాలయం, పుస్తకాలు అచ్చేసే సంస్థ... అన్నీ తగులుతాయి. ఆ దారి పొడవునా వెంట వచ్చే ప్రశ్న ఒకటుంది. మనం చప్పట్లు కొట్టే నాటకాన్ని నిజంగా రాసిందెవరు?

బషీర్‌బాగ్ అంటే ఇప్పుడు ఫ్లైఓవర్, ప్రెస్‌క్లబ్, షాపింగ్ కాంప్లెక్సులు. ఒకప్పుడు అక్కడో ప్యాలెస్ ఉండేది. నిజాం దగ్గర ప్రధానమంత్రిగా పనిచేసిన సర్ అస్మాన్‌జాది. ఆయనకే బషీరుద్దౌలా అని మరో పేరు. ఆ పేరే తోటకీ, తర్వాత పేటకీ స్థిరపడిపోయింది. భవంతి పోయింది, పేరు మిగిలింది. నాటకాల దగ్గర చాలాసార్లు దీనికి పూర్తిగా తలకిందులు. పద్యం మిగులుతుంది, రాసినవాడి పేరు పోతుంది!

చేతితొడుగుల వ్యాపారి కొడుకు

బషీర్‌బాగ్‌ను ఆనుకునే నిజాం కాలేజీ ఉంది. 1887లో మొదలైంది. ఇలాంటి కాలేజీల్లో ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నవాళ్లకి షేక్‌స్పియర్‌తోపాటు ఆయన చుట్టూ ఉన్న గొడవ కూడా తెలిసే ఉంటుంది. స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో చేతితొడుగులు చేసి అమ్మేవాడి కొడుకు ఆయన. యూనివర్సిటీ గడప తొక్కలేదు. అలాంటివాడు రాజుల గురించీ, రాచకొలువుల గురించీ అంత గొప్పగా ఎలా రాశాడన్నది అనుమానం. 1857లో అమెరికన్ రచయిత్రి డీలియా బేకన్ ఆ నాటకాల వెనక ఫ్రాన్సిస్ బేకన్ వంటి పెద్దలు ఉన్నారని పుస్తకమే రాసింది. 1920లో థామస్ లూనీ అనే స్కూలు మాస్టారు కాదు కాదు, ఆక్స్‌ఫర్డ్ ప్రభువు ఎడ్వర్డ్ డి వీర్ రాశాడన్నాడు. ఆ ప్రభువు 1604లోనే చనిపోయాడు. ‘మేక్‌బెత్’, ‘టెంపెస్ట్’ లాంటి నాటకాలు ఆ తర్వాతవని పరిశోధకుల లెక్క. అందుకే పండితుల్లో ఎక్కువమంది ఈ వాదాల్ని ఒప్పుకోరు.

కానీ వాళ్లు ఒప్పుకునేది ఇంకోటుంది. ఆ రోజుల్లో నాటకాన్ని ఇద్దరు ముగ్గురు కలిసి రాయడం మామూలే. 2016లో వచ్చిన న్యూ ఆక్స్‌ఫర్డ్ సంకలనం ‘ఆరవ హెన్రీ’ మూడు భాగాలకీ షేక్‌స్పియర్ పక్కన క్రిస్టఫర్ మార్లో పేరు కూడా చేర్చింది. ‘ఆయన కాదు, ఇంకొకరు’ అన్నది ఒక ప్రశ్న. ‘ఆయనతోపాటు ఇంకెవరు’ అన్నది మరో ప్రశ్న. మొదటిది పుకారుగా మిగిలింది. రెండోది పరిశోధన అయింది.

రెండు పేర్లు, ఒకే సంతకం

హిమాయత్‌నగర్ దాటి నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తాకి వస్తే హారన్ల మోతలో పక్కవాడి మాటే వినపడదు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కి మారాక ఉద్యోగుల కుటుంబాలు ఎన్నో నగరానికి వచ్చాయి. సామానుతోపాటు నాటక పద్యాల్నీ తెచ్చుకున్నాయి. కృష్ణరాయబారం పద్యాలు రానివాళ్లు ఆ తరంలో అరుదు.

ఆ పద్యాలున్న పాండవోద్యోగ విజయాలు తిరుపతి వేంకట కవులవి. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి. ఇద్దరు మనుషులు, ఒకే సంతకం. ఇది నాది, అది నీది అని పద్యాల కింద విడివిడిగా పేర్లు వేసుకోలేదు. 1920లో తిరుపతి శాస్త్రి కన్నుమూశాక కూడా చెళ్లపిళ్లవారు జంట పేరుతోనే రచనలు ప్రకటించారు. మిత్రుడు లేకపోయినా మిత్రుడి పేరు ఉండాల్సిందే! ‘ఎవరు రాశారు’ అన్న ప్రశ్నకి తెలుగువాళ్లు చెప్పిన మర్యాదైన జవాబు ఇది. అన్నిచోట్లా ఆ మర్యాద దక్కలేదు.

కాటి సీనులో కవి ఎవరు?

చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. 1966 నుంచి పాటకచేరీలకీ, పుస్తకావిష్కరణలకీ, నాటకాలకీ నెలవు. ఇలాంటి వేదికల మీద పద్యనాటకమంటే ఎక్కువగా అడిగేది హరిశ్చంద్రలో కాటి సీను. రాజ్యం పోయింది, భార్యాబిడ్డల్ని అమ్ముకున్నాడు, వీరబాహుడి దగ్గర కాటికాపరిగా కుదిరాడు. భుజాన గొంగళి, చేతిలో కర్ర. హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూస్తూ రాగం తీస్తాడు. ఇక్కడ ఎందరెందరు నిద్రపోతున్నారో చెబుతాడు. ముందు వరసలోంచి ‘వన్స్‌మోర్’ అన్న కేక!

ఈ నాటకం ఎవరిదంటే బలిజేపల్లి లక్ష్మీకాంత కవిదని టక్కున చెబుతారు. నిజమే. కానీ ఆ వన్స్‌మోర్ కొట్టించుకున్న పద్యాలు ఆయనవి కావు. గుర్రం జాషువా రాసిన ‘శ్మశానవాటి’ అనే ఖండికలోవి. కాటి సీనుకి అతికినట్టు సరిపోయాయని నటులు వాటిని నాటకంలోకి తెచ్చుకున్నారు. ఊరూరా పాడారు. తరాలు గడిచేసరికి ప్రేక్షకుల్లో చాలామందికి అవి నాటకంలోవే అయిపోయాయి. ఇందులో బలిజేపల్లివారు చేసిన తప్పేమీ లేదు. నటులకీ దురుద్దేశం లేదు. మంచి పద్యం దొరికితే పాడకుండా ఉండలేకపోవడం కళాకారుడి బలహీనత.

మరి నష్టపోయింది ఎవరు? జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. కులం పేరుతో జీవితమంతా అవమానాలు భరించిన కవి. చావు ముందు ఎక్కువ తక్కువలు లేవని, అంటరానితనానికి అక్కడ చోటే లేదని చెప్పిన పద్యాలు ఆ ఖండికలోవే. కవిని దూరంగా నిలబెట్టిన ఊళ్లు కూడా ఆ కవి పద్యాలకి తెల్లవార్లూ చప్పట్లు కొట్టాయి. పేరు తెలిసుంటే ఎంతమంది కొట్టేవారో! పేరు చెప్పకపోవడం చిన్న విషయం కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఇంకో సంగతి. అదే జాషువా కాలికి స్వయంగా గండపెండేరం తొడిగింది ఎవరో తెలుసా? జంటకవుల్లో మిగిలిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రే. పేరు విలువ తెలిసినవాడు మరి!

గిరీశం అసలు తండ్రి

చిక్కడపల్లి నుంచి అశోక్‌నగర్ వైపు తిరిగితే సిటీ సెంట్రల్ లైబ్రరీ. లోపల, బయట పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్లే. చుట్టూ కోచింగ్ సెంటర్లు. ‘కన్యాశుల్కం రచయిత ఎవరు?’ అన్నది ఇక్కడ అందరికీ వచ్చే బిట్టు. నాలుగు ఆప్షన్లలో గురజాడ అప్పారావుకి టిక్కు పెడితే మార్కు ఖాయం.

ఆ మార్కు మీద కూడా గొడవ జరిగింది. కన్యాశుల్కం గురజాడది కాదని, ఆయన మిత్రుడు గోమఠం శ్రీనివాసాచార్యులు రాశాడని ఒక వాదం లేచింది. దాన్ని ఎలా తేల్చాలి? నాటకం 1892లో విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు తిరగరాశారు. అయిదంకాలు ఏడయ్యాయి. మనం చదివి నవ్వుకునే గిరీశం, మధురవాణి ఈ రెండోదానిలోవాళ్లే. మొదటి కూర్పు చాలాకాలం పాఠకులకి దొరకలేదు. 1969లో బంగోరె అనే బండి గోపాలరెడ్డి దాన్ని ‘మొట్టమొదటి కన్యాశుల్కం’గా తెచ్చారు. అదే ఏడాది కె.వి. రమణారెడ్డి ‘మహోదయం’ పేరుతో గురజాడ మీద పెద్ద గ్రంథం వెలువరించారు. 2012లో ‘గురుజాడలు’ సంకలనం వచ్చింది. దాన్ని వేసిన ఎమెస్కో చిరునామా కూడా ఇక్కడికి దగ్గర్లోని దోమలగూడే.

ఈ పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుంటే సందేహం కరిగిపోతుంది. రెండు కూర్పుల మధ్య ఒకే చెయ్యి ఎదగడం కనిపిస్తుంది. ఆ చేతి రాతలే డైరీల్లో, ఉత్తరాల్లో, సగంలో ఆగిన ‘కొండుభట్టీయం’, ‘బిల్హణీయం’ నాటకాల్లో ఉన్నాయి. మిత్రులు చదివి సలహా ఇచ్చి ఉండొచ్చు. ఏ రచయితకి అలాంటి మిత్రులు ఉండరు? సలహా ఇచ్చినవాళ్లని తలుచుకోవాలి, రాసినవాణ్ని తీసెయ్యకూడదు. అందుకే గురజాడకి పెట్టే టిక్కు సరైనదే.

పరీక్షలో ఒక ప్రశ్నకి ఒకే జవాబు. నాటకంలో అలా కుదరదు. ‘హరిశ్చంద్ర ఎవరిది’ అంటే ఒక పేరు చాలదు. మొత్తం నాటకం బలిజేపల్లివారిది, కాటి సీనులో ఆ పద్యాలు జాషువావి. ఇది చెప్పడానికి పాతికేళ్ల పరిశోధన అక్కర్లేదు. నాటకం మొదలయ్యే ముందు మైకులో అరనిమిషం చాలు. నటుడి పేరు చెబుతారు, హార్మోనియం వాయించేవారి పేరు చెబుతారు, శాలువా కప్పినవారి పేరు రెండుసార్లు చెబుతారు. ఆ వరసలో ఈ కవి పేరు కూడా చేర్చితే పోయేదేముంది?

నిర్వాహకులు మర్చిపోయినా ఫర్వాలేదు. ఈసారి పిల్లల్ని తీసుకుని నాటకానికి వెళ్లినప్పుడు, కాటి సీను రాగానే వాళ్ల చెవిలో ఆ పేరు చెప్పండి. వన్స్‌మోర్ ఆ తర్వాత కొట్టొచ్చు!