పట్టాల తీరాన ఒక పట్టణం

హౌరాలో తెల్లవారుజామున బయలుదేరిన లోకల్ రైలు ఖరగ్‌పూర్ చేరేసరికి ఎండ అప్పుడే చురుక్కుమంటున్నది. నా కోసం వచ్చిన పెద్దాయన ప్లాట్‌ఫారం మీద గొడుగు ఊతగా నిలబడి ఉన్నారు. ఆయన నా మిత్రునికి మేనమామ. ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా 36 సంవత్సరాలు పనిచేసి విశ్రాంతి పొందినవారు. నన్ను చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న ప్రయాణం ఎట్లా జరిగిందని కాదు.

“ఏ కొసన దిగావు బాబూ? ఇంజను వైపా, గార్డు వైపా?”

ఇంజను వైపే దిగానని చెప్పాను.

“అయితే సగం ప్లాట్‌ఫారం చూడనే లేదన్నమాట. రా, వెనక్కి నడుద్దాం. ఊరు చూడటం ఇక్కడి నుంచే మొదలు.”

ఆ విధంగా, చేతిసంచి భుజాన వేసుకొని, వచ్చిన దారినే వెనుకకు నడిచాను. ఈ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు, అనగా ఒక కిలోమీటరుకు పైమాటే. ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం అని మనం పాఠశాలలో వల్లించినది దీనిని గురించే. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి ఆ కీర్తిని తీసుకొని వెళ్లినవి. హుబ్బళ్లి ప్లాట్‌ఫారం ఒకటిన్నర కిలోమీటరు పొడవున్నదని నేను అనగా పెద్దాయన తల ఊపారు. “పోనీ. పొడవు పోతే పోయింది గాని, ఇన్ని ఊళ్ల మనుషుల్ని దింపిన ప్లాట్‌ఫారం ఇంకోటి చూపించమను” అన్నారు.

నదీతీరాన వెలసిన పట్టణాలను చూడబోయేవారు ముందుగా రేవుకు వెళతారు. ఎవరు వచ్చారు, ఏ సరుకు దిగింది, గుడి ఎవరు కట్టారు, అన్నీ రేవు దగ్గరనే తెలుస్తాయి. ఖరగ్‌పూర్‌కు అటువంటి రేవు లేదు. కంసావతి నది ఉన్నది గాని, అది ఊరికి ఉత్తరాన, ఖరగ్‌పూర్‌కూ మేదినీపూర్‌కూ నడుమ ప్రవహిస్తుంది. దానిని ఇక్కడివారు కసాయి అంటారు. ఈ పట్టణానికి రేవు రైలు స్టేషనే. ఇక్కడి మనుషులందరూ పట్టాల మీదుగా కొట్టుకొని వచ్చి ఈ ఒడ్డున ఆగినవారే.

సుమారు 125 సంవత్సరాల క్రితం ఇది ఎర్రని గట్టినేల. ఇందా ప్రాంతంలోని ఖడ్గేశ్వరుని ఆలయం వలన ఊరికి ఈ పేరు వచ్చినదంటారు. భీముడు హిడింబను కలిసినది ఈ అడవులలోనే అని కూడా స్థానికులు చెప్పుకొంటారు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ కలకత్తా, నాగపూర్, కటకం మార్గాలు కలిసే చోటుగా ఈ మెట్టను ఎన్నుకొన్నది. 1900లో కోలాఘాట్ వద్ద రూపనారాయణ నదిపై వంతెన పూర్తయిన తరువాత కలకత్తాతో రాకపోకలకు అడ్డు తొలగినది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో ఇక్కడ పెద్ద కార్ఖానా పని ప్రారంభించినది. యంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు బాగుచేయటానికి వేల చేతులు కావలసి వచ్చినవి.

ఆ చేతులలో తెలుగు చేతులు ఎందుకు అన్ని ఉన్నవి? కారణం పటంలోనే కనిపిస్తుంది. తూర్పు కోస్తా రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో ఇదే కంపెనీ చేతికి వచ్చినది. అంతటితో వాల్తేరు నుండి హౌరా వరకు ఒకే కంపెనీ, ఒకే కొలువు. నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాలలో వానను నమ్ముకొన్న మెట్టసేద్యంతో విసిగిన యువకులకు రైలెక్కితే మరునాటికి జీతం దొరికే ఊరు ఇది. ఒకరు వచ్చి తమ్ముని పిలిచారు, తమ్ముడు బావమరిదిని పిలిచాడు. పెద్దాయన తాతగారు 1910 ప్రాంతంలో టెక్కలి వైపు ఒక పల్లె నుండి అట్లాగే వచ్చారట. వచ్చిననాడు ఆయనకు తెలిసిన బెంగాలీ మాట ఒక్కటే, ‘జల్’, అనగా నీళ్లు.

స్టేషను దాటి గోల్‌బజార్‌లో ప్రవేశించాము. రైల్వే స్థలంలోనే పెరిగిన ఈ బజారులో పది అడుగులు వేస్తే నాలుగు భాషలు వినిపిస్తాయి. పెద్దాయన కూరగాయల అతనితో బెంగాలీలో బేరమాడి, బట్టల కొట్టు యజమానిని హిందీలో పలుకరించి, నా వైపు తిరిగి తెలుగులో వ్యాఖ్యానించేవారు. ఆయన తెలుగులో శ్రీకాకుళపు యాస చెక్కుచెదరలేదు. మన దగ్గర ఈనాడు వినరాని పాతమాటలు కూడా కొన్ని అందులో నిలిచి ఉన్నవి. ఊరిని ‘మినీ ఇండియా’ అని పిలుచుకోవటం ఇక్కడివారికి అలవాటు. నినాదంగా కాక, ఉప్పూ పప్పూ కొనే చోట ఆ మాట నిజమని అప్పుడు తోచినది.

కార్ఖానా గేటు ముందు ఆయన చాలసేపు నిలబడ్డారు. షిఫ్టు వేళ కాదు గనుక దారి నిర్మానుష్యంగా ఉన్నది. ఒకప్పుడు ఈ గేటు తెరిస్తే సైకిళ్ల ప్రవాహం ఆగేది కాదట. ఇటువైపు నుండి అటువైపుకు దాటాలంటే వేచి ఉండవలసినదేనట. ఆవిరి యంజన్ల కాలం ముగిసినది, కొన్ని పనులు యంత్రాలకు పోయినవి, మనుషులు తగ్గారు. కార్ఖానా మాత్రం ఈనాటికీ పనిచేస్తున్నది.

“గిరిగారి పేరు విన్నావు గదా?” అని అడిగారు.

వరాహగిరి వెంకటగిరి మన నాలుగవ రాష్ట్రపతి. బరంపురంలో పుట్టిన తెలుగువాడు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘం పనిలోనుండి తొలగించబడిన వారి కోసం సమ్మె చేసినప్పుడు దానిని అహింసాయుతంగా నడిపి, కంపెనీని ఒప్పించినది ఆయనే. భారత కార్మికోద్యమ చరిత్రలో అదొక మైలురాయి. చరిత్ర గ్రంథాలలో ఇంతవరకే ఉంటుంది. పెద్దాయన దానికి ఒక వాక్యం చేర్చారు. ఆ జీతం లేని రోజులలో తమ నాయనమ్మ చేతి కడియాలు తాకట్టు పెట్టినదట. “సమ్మె గెలిచాం గాని, కడియాలు తిరిగి రాలేదు” అన్నారు నవ్వుతూ.

అక్కడి నుండి క్వార్టర్ల దారి పట్టాము. కంపెనీ కట్టిన ఈ కాలనీలలో దారులు విశాలం, చెట్లు పాతవి, ఇళ్లకు పేర్లకు బదులు సంఖ్యలు. ఒకచోట ఆగి ఆయన గొడుగుతో చూపారు. అక్కడ ఇల్లు లేదు. ఇటుకల గుర్తులు, గడ్డి, ఒక మునగచెట్టు మాత్రం ఉన్నవి.

“నేను పుట్టింది ఇక్కడ. మా నాన్న క్వార్టరు. ఇల్లు శిథిలమైపోతే తీసేశారు. ఆ మునగచెట్టు మా అమ్మ వేసింది.”

రైల్వే పట్టణపు స్వభావం నాకు అక్కడ అర్థమైనది. ఇక్కడ ఇల్లు మనిషిది కాదు, ఉద్యోగానిది. విరమణ అయిన కొన్ని నెలలకు తాళంచెవి అప్పగించి కదలవలసినదే. తండ్రి క్వార్టరు కొడుక్కు వారసత్వంగా రాదు. మూడు తరాలు ఒకే ఊరిలో బ్రతికి కూడ ఒక్క గోడనైనా తమదని చెప్పుకోలేనివారు ఇక్కడ ఎందరో. అటు టెక్కలి దగ్గర పల్లెలో తాతగారి వాటా ఎప్పుడో చేతులు మారిపోయినది.

“మరి మీ ఊరేది అని ఎవరైనా అడిగితే ఏమంటారు, మామయ్యగారూ?”

ఆయన వెంటనే బదులు చెప్పలేదు. “ఇక్కడోళ్లు అడిగితే సికాకులం అంటాను. అక్కడోళ్లు అడిగితే ఖరగ్‌పూర్ అంటాను” అన్నారు కొంతసేపటికి.

ఎండ ముదిరినది. ఇక్కడ ‘టోటో’ అని పిలిచే బ్యాటరీ రిక్షా ఎక్కి హిజ్లీ వైపు బయలుదేరాము. దారిలో పురీ గేటు వచ్చినది. దక్షిణానికి పోయే పట్టాలు అవే. బాలాసోర్, కటకం, బరంపురం దాటితే శ్రీకాకుళం. 1944లో కంపెనీ రైల్వే ప్రభుత్వపరమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. అప్పుడు కూడ వాల్తేరు, ఖరగ్‌పూర్ ఒకే రైల్వేలో ఉండేవి. 2003లో వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేలో చేరినది. అంతవరకు ఇక్కడి తెలుగు ఉద్యోగి సొంత జిల్లా వైపు బదిలీ కోరటం ఒకే రైల్వేలో చోటు మారటం; ఆ తరువాత అది వేరొక రైల్వేకు పోవటం. పటం మీద ఒక గీత మారితే రాకపోకల తీరు మారుతుంది.

హిజ్లీలో దేశపు తొలి ఐ.ఐ.టి. ఉన్నది. 1951లో అది ప్రారంభమైన భవనం అంతకుముందు చెరసాల. 1930లో ఆంగ్ల ప్రభుత్వం స్వాతంత్ర్య యోధుల కోసం ఇక్కడ నిర్బంధ శిబిరం నెలకొల్పినది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన బందీలపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్త మరణించారు. వారి భౌతికకాయాలను తీసుకొని వెళ్లటానికి సుభాస్ చంద్రబోస్ స్వయంగా వచ్చారు. రవీంద్రనాథ ఠాగూరు తీవ్రంగా నిరసించారు. ఆ భవనంలో ఇప్పుడు నెహ్రూ పేరిట విజ్ఞానశాస్త్ర ప్రదర్శనశాల ఉన్నది. పెద్దాయన గోపురం వైపు చూస్తూ, “మేం అక్కడ ఇనుము వంచటం నేర్చుకున్నాం. ఈ పిల్లలు అదెందుకు వంగుతుందో నేర్చుకుంటారు. రెండూ కావాల” అన్నారు.

ఈ ఊరికి వచ్చి, పనిచేసి, వెళ్లిపోయినవారిలో మహేంద్రసింగ్ ధోనీ కూడ ఒకడు. 2001 నుండి 2003 వరకు అతడు ఈ స్టేషనులో టికెట్ పరీక్షకుడు. వెళ్లిపోవటం ఇక్కడ వింత కాదని చెప్పటానికే పెద్దాయన ఆ ప్రస్తావన తెచ్చారని నాకు తరువాత తెలిసినది.

సాయంకాలం మలంచాలోని బాలాజీ మందిరానికి వెళ్లి, ఆయన అద్దె ఇంటికి చేరాము. కోడలు కాఫీ ఇచ్చినది. పన్నెండేండ్ల మనవరాలు తాతగారి పక్కన వచ్చి కూర్చున్నది. కుమారుని ఉద్యోగం పూణేలో. ఈ విద్యాసంవత్సరం ముగియగానే అందరూ అక్కడికి తరలిపోతున్నారు. “నువ్వు రాస్తావని మా మేనల్లుడు చెప్పాడు. అందుకే రమ్మన్నాను. మళ్లీ ఏడాది వస్తే ఈ ఊరు చూపించటానికి నేనుండను” అన్నారు ఆయన.

తరువాత ఒక రేకుపెట్టె తెరిచారు. అందులో పాత పోస్టుకార్డుల కట్ట. పల్లె నుండి తాతగారికి ఆయన అన్న వ్రాసినవి. అమ్మాయి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో బెంగాలీ మాట్లాడుతుంది. కాని తెలుగు అక్షరాలు రావు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికారభాషా హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో నిర్ణయించినది. అది సంతోషించదగిన గౌరవమే. అయితే ఏ హోదా అయినా ఒక పిల్ల చేత అక్షరాలు దిద్దించలేదు. ఇంట్లో ఎవరో పక్కన కూర్చోవలసినదే.

“ఈయన తరువాత ఈ కార్డులు చదివేవారు ఉండరు” అని నేను అనుకొంటుండగా ఆ అమ్మాయి ఒక నోటుపుస్తకం తెచ్చినది. నిండా బెంగాలీ లిపి. ఏమిటని అడిగాను. ఆమె చదవసాగినది.

“ఉభయకుశలోపరి. ఈ ఏడు వానలు లేవు. ఎద్దును అమ్మినాము. నీవు పంపిన పది రూపాయలు చేరినవి. పండుగకు వచ్చినట్లయితే అందరమూ కన్నులారా చూడగలము…”

అచ్చమైన తెలుగు. తాతగారు రాత్రులు ఒక్కొక్క కార్డు చదువుతుంటే ఆమె తనకు వచ్చిన అక్షరాలలో ఆ మాటలను వ్రాసుకొన్నది. అప్పటికి నలభై కార్డులు పూర్తయినవి.

“తాతా, ఉభయకుశలోపరి అంటే?”

“ఇక్కడ మేం బాగున్నాం, అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాం, ఆపైన సంగతులు. ఉత్తరం ఎప్పుడూ అట్లానే మొదలెట్టాలి.”

ఆ రాత్రి పెద్దాయన నన్ను సాగనంపటానికి స్టేషనుకు వచ్చారు. ప్రకటన బెంగాలీలో, హిందీలో, ఇంగ్లీషులో వినిపించినది. ఆ తరువాత ఆయన నా భుజం తట్టి తెలుగులో చెప్పారు: “నీ పెట్టె ఇక్కడికి రాదు బాబూ. ఇంకో రెండువందల గజాలు నడవాలి. రా, నేను చూపిస్తాను.”