మియాపూరులో మా గడప

కొండలు చూడాలంటే జనం అరకు వెళ్తారు. సముద్రం చూడాలంటే విశాఖపట్నం వెళ్తారు. మియాపూరు చూడడానికి మాత్రం ఎవరూ వెళ్ళరు. అక్కడ కాపరం వున్నవారు వెళ్తారు. లేదా అక్కడ బస్సెక్కి మరో వూరు పోయేవారు వెళ్తారు. నేను మొన్న ఒక ఆదివారంనాడు ఒక గడపను చూసి రావడానికి వెళ్ళాను.

గడప అంటే ఎవరి ఇల్లో అనుకునేరు. కాదండీ, అచ్చమైన గడపే. నాలుగడుగుల టేకు కొయ్య. దాని సంగతి తరువాత మనవి చేస్తాను.

మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఎల్.బి.నగర్ నుంచి మియాపూరు దాకా మెట్రో రైలుదారి 29 కిలోమీటర్లు, స్టేషన్లు 27. 2017 నవంబరులో హైదరాబాదు మెట్రోకు ప్రారంభోత్సవం జరిగింది మియాపూరులోనే. మా వైపుకు ఆ రైలు 2018 సెప్టెంబరులో వచ్చింది. మూసీ, నాంపల్లి, శాసనసభ, అమీర్‌పేట, కూకట్‌పల్లి అన్నీ కాళ్ళకిందుగా వెనక్కి పోతూ వుంటే, చిట్టచివరి స్టేషన్లో దిగాను.

దిగగానే బొంబాయి రోడ్డు. ఒక పక్క పటాన్‌చెరు వైపు లారీల బారు, మరోపక్క హఫీజ్‌పేట, కొండాపూర్ మీదుగా హైటెక్ సిటీకి కార్ల బారు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచిన తరువాత యీ చుట్టుపక్కల పల్లెలన్నీ ఒక్కొక్కటే పట్నమైపోయాయి. మియాపూరు కూడా అంతే. టిఫిను బండి దగ్గర నిలబడితే కుడిచెవిలో భీమవరం, ఎడమచెవిలో సిద్దిపేట వినిపిస్తాయి. సంక్రాంతి ముందు రాత్రుళ్ళు యీ రోడ్డు మీద సగం గోదావరి జిల్లా మూటాముల్లెతో బస్సుల కోసం నిలబడి వుంటుంది. ఇన్ని ఇళ్ళు లేస్తున్నచోట తలుపులూ కిటికీలూ కావాలి గదా. అంచేత కలప అడితీలు, ప్లైవుడ్ దుకాణాలు, కోతమిల్లులు కూడా వచ్చి చేరాయి.

నేను వెళ్ళింది అలాంటి ఒక చిన్న కార్ఖానాకు. అయితే అక్కడ కొత్త కలప కనబడదు. పడగొట్టిన ఇళ్ళ దూలాలు, వాసాలు, స్తంభాలు, రెక్కలు వూడిన కిటికీలు గోడకు ఆనించి వున్నాయి. ఒక్కొక్క దానిమీద ఒక్కొక్క ఇంటి రంగు. పచ్చ, నీలం, గచ్చకాయ రంగు. ఆస్పత్రి వరండాలో వరసగా కూర్చున్న ముసలివాళ్ళు గుర్తుకొచ్చారు నాకు.

కార్ఖానా యజమాని ఆచారిగారికి అరవై దాటాయి. ఇది పల్లెగా వున్న రోజుల్లో ఆయన తండ్రి యీ చుట్టుపక్కల రైతులకు నాగళ్ళు, బండిచక్రాలు చేసి ఇచ్చేవాడట. పొలాలు పోయాక నాగలి ఎవరిక్కావాలి? ఆచారిగారు తలుపులకు దిగారు. ఇప్పుడు రెడీమేడ్ తలుపులు వచ్చిపడ్డాయి. అంచేత పాత కలపకు దిగారు. ఆయన దగ్గర పనిచేసే ఇద్దరూ కుర్రవాళ్ళే. ఒకడిది రాజస్థాన్, ఒకడిది ఉత్తరప్రదేశ్. ఆయన సొంత కొడుకు గచ్చిబౌలిలో కంప్యూటరు ముందు కూర్చుంటాడు.

"పాత కలప మంచిదంటారు, ఎందుచేతనండీ?" అని అడిగాను.

ఆయన జవాబు చెప్పకుండా ఒక దూలం ముక్క, ఒక కొత్త టేకు ముక్క నా చేతుల్లో పెట్టారు. కోసిన మొన చూపించారు. కొత్తదానిలో ఏటి గీతలు దూరం దూరంగా వున్నాయి. చుట్టూ తెల్లని పొర. పాతదానిలో గీతలు వత్తుగా, దువ్వెన పళ్ళలాగా వున్నాయి. అడవిలో నిదానంగా పెరిగిన చెట్టు అది. తోటల్లో పాతికేళ్ళకే కొట్టే చెట్టుకు అంత చేవ రాదు. చేవ అంటే చెట్టు నడిమి గట్టికొయ్య. తెలుగు పాఠం చెబుతూ "చేవగల మనిషి" అన్నమాట ఎన్నిసార్లు వాడానో! చేవను చేత్తో పట్టుకోవడం మాత్రం అదే మొదలు.

పైగా పాత కలప ఇంటికప్పు కింద ఏళ్ళతరబడి ఆరివుంటుంది. ఇక వంగవలసిన వంపులన్నీ వంగేసింది. తలుపు చేస్తే వానాకాలంలో బిగుసుకుని ఏడిపించదు.

అలాగని అది సులువైన పని కాదు. మొదట అయస్కాంతంతో తడిమి మేకులు వెతకాలి. ఒక్క తుప్పుమేకు దాగివున్నా రంపం పళ్ళు పోతాయి. తరువాత కొయ్యసుత్తితో తట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల చెద తినేసిందని లెక్క. పాత రంగుల్లో సీసం వుంటుంది గనుక దుమ్ము పీల్చకుండా జాగ్రత్తగా గీకాలి. ఆ పైన చిత్రిక పడితే, బొగ్గులా వున్న కొయ్యలోంచి తేనెరంగు బయటికి వస్తుంది. వాసన కూడా వస్తుంది, ఎవరో ఇప్పుడే చెట్టు కోసినట్లు. చివరికి అవిసె నూనె పట్టిస్తారు.

"ఇవన్నీ ఎవరు కొంటారు?"

"హోటళ్ళోల్లు, ఫారంహౌసులోల్లు. ఇగ కంప్యూటరు సార్లు" అని ఆయన సెల్లులో ఒక బొమ్మ చూపించారు. ఆల్ప్స్ కొండల్లోని కొయ్య ఇల్లు. షాలే అంటారు దాన్ని. అక్కడి వడ్రంగులు పాత పశువులపాకల బల్లలు వూడదీసి, ఎండకు కాలి గోధుమరంగు తిరిగిన ఆ బల్లలతోనే యీ ఇళ్ళను సింగారిస్తారు. కొత్తవాటికన్నా వాటికే గిరాకీ ఎక్కువట. స్విట్జర్లాండు వెళ్ళివచ్చిన ఒక ఇంజనీరు తన ఫ్లాటులో అలాంటి గోడ కావాలన్నాడు. మరొకాయన కొత్త బల్లలు తెచ్చి, గొలుసులతో కొట్టి పాతవిగా కనిపించేట్టు చెయ్యమన్నాడు.

"వూర్లె తాత ఇల్లు కూలగొట్టి, ఈడ పాతదాని లెక్క చెయ్యమంటరు సార్" అని నవ్వారు ఆచారిగారు.

నేను నవ్వలేకపోయాను. ఎందుచేతనంటే మా ఇల్లూ అలాగే పోయింది.

కాకినాడ దగ్గర మా పల్లెలో 1926లో మా ముత్తాత కట్టించిన మండువా లోగిలి అది. ద్వారబంధం రంగం టేకు అని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. రంగం అంటే రంగూను. ఆ రోజుల్లో మన కోస్తాజిల్లాల కూలీలు వేలకు వేలు స్టీమరెక్కి బర్మా వెళ్ళేవారు. అక్కడి రేవులో బరువులు మోసేవారు, బియ్యపు మిల్లుల్లో పనిచేసేవారు. అటునుంచి డబ్బూ వచ్చేది, టేకూ వచ్చేది. పచ్చి టేకు నీళ్ళలో మునుగుతుంది. అంచేత చెట్టు మొదట్లో చుట్టూ గాడి నరికి, రెండు మూడేళ్ళు నిలువునా ఎండనిచ్చి, అప్పుడు పడగొట్టేవారు. ఏనుగులు ఈడ్చుకొచ్చి ఏట్లో వేస్తే, దుంగలు ఐరావతి వెంట తేలుతూ వచ్చేవి. ఆ టేకు కోసం యుద్ధాలు కూడా జరిగాయి సుమండీ! ఒక ఇంగ్లీషు కలప కంపెనీకి బర్మా కొలువు జరిమానా వేసిన తగాదాయే 1885 యుద్ధానికి సాకు అయింది. తీబా రాజు సింహాసనం పోగొట్టుకుని రత్నగిరిలో బందీగా కన్నుమూశాడు. ఇప్పుడు ఆ దేశం దుంగల ఎగుమతే మానేసింది. 2014 ఏప్రిల్ 1 నుంచి. అడితీల్లో కనిపించే దుంగలు ఘనా నుంచీ, ఈక్వెడార్ నుంచీ వస్తున్నాయి.

రెండేళ్ళ క్రిందట మా ఇల్లు అమ్మేశాం. నేనూ తమ్ముడూ కలిసే సంతకాలు చేశాం. కాని పడగొట్టేనాడు తమ్ముడు వూళ్ళో లేడు. నేను వాడితో ఒక్కమాట చెప్పకుండా ద్వారబంధం లారీ మీద వేయించుకుని వచ్చేశాను. పెద్దవాణ్ణి గదా, అడిగేదేమిటనుకున్నాను. వాడు ఫోను చేసి, "ఇక నీ గడప తొక్కను అన్నయ్యా" అన్నాడు. అన్నట్టే తొక్కలేదు. అమ్మ వాడి దగ్గరే వుంటుంది. "ఎత్తిన గడప మళ్ళీ ఎత్తకూడదురా" అని ఆవిడ బాధ ఆవిడది.

తీరా చూస్తే ద్వారబంధం మా ఫ్లాటులో పట్టదు. వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. తలవంచి రావాలని పూర్వులు కావాలనే పెట్టిన ఎత్తు అది. కోసి దేవుడిగదికి అమర్చమని ఆచారిగారి దగ్గర పెట్టాను. ఆయన ఒకమాటు వచ్చి చూడమన్నారు.

వెళ్ళేసరికి ద్వారబంధం నాలుగు ముక్కలుగా విప్పి వుంది. ఎక్కడా ఇనపమేకు లేదు. కుసి బెజ్జంలో దూర్చి, కొయ్యమేకు దిగగొట్టారు. గడప నడుమ అరిగి పళ్ళెంలా వుంది. తొంభై ఏళ్ళకు పైబడి ఎన్ని పాదాలు!

"సార్, మీరు తెలుగు పంతులు గద, గీ గీతలేందో సూడుండ్రి" అన్నారు ఆచారిగారు. కుసి మీద ఉలితో చెక్కిన గుర్తు. దాని బెజ్జం పక్కనా అదే గుర్తు. తరువాతి మూలకు మరో గుర్తు. దుమ్ము తుడిచి చూశాను. ౧, ౨, ౩, ౪. పాత తెలుగు అంకెలు!

"ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని చదివాను. ఆయనకు పని తెలుసు, ఆ అంకెలు తెలియవు. నాకు అంకెలు తెలుసు, అవి అక్కడెందుకున్నాయో తెలియలేదు. అడిగాను.

"ఏ మూలకు ఏది కూసుంటదో ఎరుకకు. ఇప్పి మల్ల కట్టేటందుకే గద సార్ అంకెలేసేది! గా పెద్దమనిషి ఇప్పుకోమన్నడు గని కొయ్యమన్లేదు. మీరు కొయ్యమంటె కోస్త. దర్వాజ పోతది, కట్టె మిగుల్తది."

"మా అమ్మ పాత గడప ఎత్తకూడదంటుంది" అన్నాను, తప్పించుకోవడానికి కాబోలు.

"తల్లి మాట నిజమే. పాత కట్టెల చెద దాగి కొత్తింటికి అంటుకుంటదని పెద్దలన్నరేమో. దీన్ల చెద లేదు, సూసిన. తలవాకిట్ల వద్దనుకుంటే లోపలి అర్రకు పెట్టుకోండ్రి."

జపానులో ఈసె అనే చోట వున్న దేవాలయాన్ని ఇరవై ఏళ్ళకొకసారి కొత్తగా కట్టి పాతదాన్ని విప్పుతారనీ, పాత మూలస్తంభాలను వంతెన దగ్గర తోరణాలుగా నిలబెడతారనీ చదివాను. చదవడం వేరు, నాలుగు ముక్కల ముందు చాపమీద కూర్చోవడం వేరు. నా ఫ్లాటులో జాగా లేదు. తమ్ముడు కాకినాడలో కొత్తిల్లు కడుతున్నాడు. పునాదులు అయ్యాయని అమ్మ చెప్పింది.

టీ తెప్పించారు. తాగుతూ చాలాసేపు కూర్చున్నాను. రంపం ఆగింది. ఫోను తీసి తమ్ముడికి చేశాను. రెండేళ్ళ తరువాత. వాడు ఎత్తాడు గాని మాట్లాడలేదు.

"ఒరే, ద్వారబంధం కొయ్యడం లేదు. నీకు పంపిస్తున్నాను. లోపలిగదికి పెట్టించు, అమ్మకు అభ్యంతరం వుండదు. మూలలకు అంకెలు వేసివున్నాయి, వడ్రంగికి రాకపోతే నన్ను పిలు, నేను వచ్చి చదువుతాను" అన్నాను.

అటునుంచి కాసేపు ఏమీ లేదు. తరువాత చిన్నగా, "నీ గడప తొక్కనని ఒట్టేసుకున్నానే అన్నయ్యా! ఆ గడపే పంపిస్తే ఎలా?" అన్నాడు.

ఆచారిగారు నాలుగు కొయ్యలనూ గోనెపట్టాలో చుట్టి, పైన సుద్దతో ఏదో రాయబోయి ఆగారు. "పేరెవరిది రాయాలె సార్?" అన్నారు.

తమ్ముడి పేరు చెప్పాను.