పాత రేంజరు మీద ఎత్తిపోతలకి

పోయిన కార్తీక మాసంలో ఎత్తిపోతల వెళ్ళొచ్చాను. "అదేం గొప్ప, మేమూ వనభోజనాలకి బస్సు కట్టించుకుని వెళ్ళాం" అంటారేమో. నేను వెళ్ళింది సైకిలు మీదండీ. అదీ ముప్ఫై ఏళ్ళ నాటి సైకిలు. నలభై ఆరేళ్ళ వయసులో నీకిదేం సరదా అని మా అత్తగారు అడిగినట్టే మీరూ అడుగుతారు. అందుకే మొదటినుంచీ చెబుతాను.

మా పుట్టిల్లు మాచర్ల. 1995లో మిరపకాయలకి మంచి ధర పలికిందని నాన్న అన్నయ్యకి హీరో రేంజరు సైకిలు కొనిపెట్టాడు. అప్పట్లో కుర్రాళ్ళకి అదంటే పిచ్చి. సన్నటి నల్ల సైకిళ్ళ మధ్య లావుపాటి గళ్ళ టైర్లు, అడ్డంగా తిన్నటి హ్యాండిలు వేసుకుని అది వీధిలోకి వస్తుంటే అందరూ తల తిప్పి చూసేవాళ్ళు. అన్నయ్యా, వాడి స్నేహితులూ ఆదివారం ఆదివారం దాని మీద ఎత్తిపోతల వెళ్ళేవాళ్ళు. నేను ఇంటర్ మొదటి సంవత్సరం. నేనూ వస్తానంటే నాన్న "ఆడపిల్లకి అడవి దారిలో సైకిలేంటి" అని కసిరాడు. అన్నయ్య పక్కకి పిలిచి, "ఏడవకు, వచ్చే ఏడాది నాన్నకి చెప్పకుండా తీసుకెళ్తాలే" అన్నాడు. వచ్చే ఏడాది ఇంటర్ పరీక్షలు, ఆ పై ఏడాది నా పెళ్ళి. అంతే, ఆ మాట అక్కడే ఉండిపోయింది.

మూడేళ్ళ కిందట అన్నయ్యకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ కాలూ స్వాధీనంలో లేవు. మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తుంది. పోయిన వేసవిలో చూడ్డానికి వెళ్తే, వదిన పాత ఇనుము వాడితో బేరం ఆడుతోంది. గొడ్ల చావిట్లో దూలానికి ఆనించి ఉన్న రేంజరుని కాటాకి ఎత్తబోతున్నారు. "ఇంక ఎవరు తొక్కుతారు వదినా, అడ్డం" అంది వదిన. ఆవిడ తప్పేం లేదు. కానీ నేను వరండాలో కుర్చీలో ఉన్న అన్నయ్య వైపు చూశాను. వాడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇనుము వాడికి మంచినీళ్ళిచ్చి పంపేశాను.

ఇహ ఆ సైకిలుని బాగు చేసిన కథ. ఇందులో మనకి వంటింట్లో పనికొచ్చే సంగతులు కూడా ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మేనల్లుడూ నేనూ కలిసి మొదలుపెట్టాం. వాడికి పదిహేడేళ్ళు, నాకు ఓపిక, అదీ మా పెట్టుబడి. రిమ్ముల మీద తుప్పు పట్టి ఉంది. వాడు గరుకు కాగితం తెచ్చాడు. వద్దన్నాను. అప్పడాలు, చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు ఉంటుంది చూడండి, దాన్ని ఉండలా నలిపి, నీళ్ళలో ముంచి రుద్దితే మెరుగు పూత గీరుకుపోకుండా తుప్పు వస్తుంది. అల్యూమినియం ఆ పూత కంటే మెత్తన కదా. నల్లటి మడ్డి వస్తుంది, గుడ్డతో తుడిచేయాలి. చిన్న బోల్టులూ నట్లూ వెనిగర్‌లో ఒక రాత్రి నానేశాం. పొద్దున్నే తీసి వంట సోడా నీళ్ళలో కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి. ఆరబెట్టడం మరిచిపోతే మధ్యాహ్నానికల్లా మళ్ళీ తుప్పు పడుతుంది, నాకు అలాగే అయింది.

పెడలు విప్పడం దగ్గర ఇద్దరం ఓడిపోయాం. కుడివైపుది వచ్చింది. ఎడమవైపుది ఎంత బలంగా తిప్పితే అంత బిగిసిపోతోంది. అప్పుడు వరండాలోంచి అన్నయ్య గొంతు. "తి...రగ...లి." తిరగలి? ఒక నిమిషం అర్థం కాలేదు. కుడి చేత్తో గాల్లో తిప్పి చూపించాడు, ఉల్టా. ఎడమ పెడలుకి మర ఎదురు తిరుగుడు ఉంటుందట! తొక్కేటప్పుడు దానంతట అది ఊడి రాకుండా అలా చేస్తారు. వాడు చూపించిన వైపు తిప్పితే చటుక్కున వచ్చింది. ఆ రోజునుంచి కుర్చీ వరండాలోంచి చావిట్లోకి మారింది.

చక్రాల ఇరుసులు విప్పితే లోపలి గ్రీజు బంకలా గట్టిపడి ఉంది. డీజిల్‌లో కడిగాం. వెనక చక్రంలో పావు అంగుళం ఇనుప గోళీలు, ఒక్కో వైపు తొమ్మిది. ముందు చక్రంలో వాటికంటే చిన్నవి, ఒక్కో వైపు పది. స్టీలు పళ్ళెంలో పోసి లెక్కపెట్టి, గుంటలు పడ్డవి ఏరేశాం. బియ్యంలో రాళ్ళు ఏరిన చేతులకి అదేం పెద్ద పని కాదు. అన్నీ కలిపి కొన్నా గోళీలకయ్యే ఖర్చు చాలా తక్కువ. గ్రీజు దండిగా పెట్టి కోను బిగించాలి. మరీ బిగిస్తే చక్రం తిరగదు, వదులైతే ఊగుతుంది. రెంటికీ మధ్య ఎక్కడ ఆపాలో అన్నయ్య చక్రం మీద చెయ్యి పెట్టి చెప్పేవాడు. ఆ చెయ్యి బాగానే పనిచేస్తుంది.

టైర్ల దగ్గర నేను డబ్బు పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకూడదని చెబుతున్నాను. సైజు 26 అని అడిగితే ఒక దుకాణంలో 26 × 1⅜ టైర్లు కట్టిచ్చారు. ఇంటికొచ్చి ఎక్కిస్తే రిమ్ము మీద వేలాడుతోంది. సంగతేమిటంటే, 26 అని రాసి ఉన్న టైర్లన్నీ ఒకటి కాదు. రేంజరు లాంటి కొండ సైకిళ్ళకి వేసే 26 × 1.95, 26 × 2.125 టైర్లు కూర్చునే చోటు 559 మిల్లీమీటర్లు. ఆడవాళ్ళ సైకిళ్ళకి ఎక్కువగా వేసే 26 × 1⅜ది 590. మూడు సెంటీమీటర్ల పైన తేడా! చుక్క పెట్టి రాసిన అంకె వేరు, భిన్నం వేరు. టైరు పక్కన 559 అనో 590 అనో చిన్న అక్షరాల్లో ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చూసి కొనండి. తీసిన సరుకు వెనక్కి తీసుకోమన్నారు. ఆ టైర్లు ఇప్పటికీ అటక మీదే ఉన్నాయి.

రంగు మాత్రం మళ్ళీ వేయించలేదు. మేనల్లుడికి ఎర్రగా మెరిసేలా కొట్టించాలని ఉంది. పాత సైకిళ్ళు దాచేవాళ్ళు అసలు రంగూ, దాని మీద కంపెనీ అంటించిన అక్షరాలూ పోనివ్వరట. గీతలు పడ్డా సరే, దానికే విలువ. పూణేలో విక్రమ్ పెండ్సే గారని ఒకాయన అలా సేకరించిన పాత సైకిళ్ళతో మ్యూజియమే పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ సైనికులు మడిచి పట్టుకుని దూకిన బి.ఎస్.ఎ. సైకిలు కూడా అక్కడుంది. మనం మాత్రం తాతల నాటి సైకిళ్ళని కిలోల లెక్కన అమ్మేస్తాం. మన చిన్నప్పుడు ప్రతి వీధిలో కనిపించిన అట్లాస్ సైకిలు గుర్తుందా? వాళ్ళ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవం కావడం చూడండి మరి.

అసలీ కొండ సైకిలు పుట్టిందే పాత ఇనుములోంచి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ అనే ప్రాంతం. అక్కడి కుర్రాళ్ళు 1930లు, 40ల నాటి బరువైన ష్విన్ సైకిళ్ళు కొట్టాల్లోంచి బయటికి లాగి, మడ్‌గార్డులు పీకేసి, కొండ మీదినుంచి కిందికి తోలుకుంటూ వచ్చేవాళ్ళు. 1976 అక్టోబరులో పందెం కూడా పెట్టుకున్నారు. వాటికి బ్రేకు వెనక ఇరుసులోనే ఉండేది. దిగేసరికి అది కాలిపోయి గ్రీజంతా పొగై పోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సిందే. ఇంగ్లీషులో అలా కూరడాన్ని రీప్యాక్ అంటారు, ఆ కొండ దారికి అదే పేరైపోయింది. వాళ్ళలో జో బ్రీజ్ అనే అతను 1977లో కొండల కోసమే కొత్తగా ఒక సైకిలు చట్రం తయారు చేశాడు. ఆ మగపిల్లల గుంపులో వెండీ క్రాగ్ అనే ఆవిడ కూడా సైకిలు తొక్కేది, ఫొటోలు తీసేది. ఆ రోజుల సంగతులు ఇవాళ లోకానికి కనిపిస్తున్నాయంటే చాలావరకు ఆవిడ ఫొటోల వల్లే. ఇది చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు.

సరే, ప్రయాణం. కార్తీక ఆదివారం తెల్లవారుజామున చెన్నకేశవస్వామి గుడి దగ్గర దణ్ణం పెట్టుకుని బయల్దేరాం. నేను రేంజరు మీద, మేనల్లుడు గేర్ల సైకిలు మీద. చుడీదారు కాళ్ళ దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నాను, చైనులో పడకుండా. చున్నీ వెనక్కి ముడి. గుడి పక్కన పారే చంద్రవంకే అటు పోయి ఎత్తిపోతల దగ్గర దూకి, తర్వాత కృష్ణలో కలుస్తుంది. అంటే నదీ మేమూ ఒకే ఊరినుంచి ఒకే చోటికి బయల్దేరామన్నమాట. అది మాకంటే ముందే చేరుతుందని నాకు అప్పుడే అనుమానం.

మాచర్లనుంచి సాగర్ రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు ఉంటుందేమో. మొదట మిరప చేలూ పత్తి చేలూ. ఆ తర్వాత చెట్లు చిక్కనై ఎగుడు దిగుడు మొదలవుతుంది. రేంజరుకి గేర్లు లేవు. మొదటి ఎత్తులోనే నా మోకాళ్ళు మొరాయించాయి. దిగి తోసుకుంటూ నడుస్తుంటే, మేకలు తోలుకొస్తున్న ముసలమ్మ ఆగింది. "ఏందమ్మా, బండి చెడిపోయిందా?" "బండి బాగానే ఉందవ్వా, నేనే చెడిపోయా" అన్నాను. పకపకా నవ్వి, పైదాకా నాతోపాటే నడిచింది. దిగుడులో మాత్రం, ఏం చెప్పను! చెవుల్లో గాలి హోరు, కళ్ళ వెంట నీళ్ళు. భయమేసింది కూడా. బ్రేకు ఒకేసారి గట్టిగా పట్టకుండా, వదిలి పట్టి వదిలి పట్టి దిగమని అన్నయ్య ముందే చెప్పాడు. ముందు బ్రేకు ఒక్కటే నొక్కితే బోర్లా పడతాం. మీరు స్కూటీ నడిపేవాళ్ళయితే ఆ సంగతి తెలిసే ఉంటుంది.

ఎత్తిపోతల జలపాతం డెబ్భై అడుగుల ఎత్తునుంచి పడుతుంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు మూడూ కలిసి దూకుతాయి. వానలు బాగా పడిన ఏడు ఆగస్టునుంచి డిసెంబరు దాకా చూడ్డానికి బాగుంటుంది, మండు వేసవిలో వెళ్ళి నిరాశ పడకండి. యతులు తపస్సు చేసిన తలం కాబట్టి యతితపోతలమనీ, అదే ఎత్తిపోతల అయిందనీ పెద్దలు చెబుతారు. కింద దత్తాత్రేయస్వామి గుడి ఉంది. నీళ్ళ గుండంలో మొసళ్ళున్నాయి, అక్కడ మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది. పిల్లలు దిగుతామని మారాం చేస్తే ఈ మాట చెప్పండి చాలు. ఇక్కడికి నాగార్జునసాగర్ డ్యాము 11 కిలోమీటర్లే. పొద్దుంటే అటు వెళ్ళి అనుపు, లాంచీ మీద నాగార్జునకొండ కూడా చూసి రావచ్చు. మేము వెళ్ళలేదు, నా కాళ్ళలో అంత సత్తువ మిగల్లేదు.

వదినా అన్నయ్యా ఆటోలో మాకంటే ముందే వచ్చారు. జలపాతం కనిపించే చోట, కమ్మీల పక్కన బెంచీ మీద అన్నయ్యని కూర్చోబెట్టి, వదిన పులిహోర డబ్బాలు సర్దుతోంది. నేను రొప్పుతూ సైకిలు తెచ్చి వాడి ముందు నిలబెట్టాను. ఏదైనా అంటాడేమో అని చూశాను. నా మొహం వంక చూడలేదు, జలపాతం వంకా చూడలేదు. కుడి చెయ్యి చాచి హ్యాండిలు పట్టుకున్నాడు. వెనక బ్రేకు నొక్కాడు. వదిలాడు. మళ్ళీ నొక్కాడు.

"లూజు," అన్నాడు. ఒకే మాట, తడబడకుండా.

మేనల్లుడు సంచీలోంచి పానా తీశాడు. అన్నయ్య కంటితో చూపిస్తుంటే వాడు తీగ బిగించాడు. ఒకసారి ఎక్కువైంది, కొంచెం వదిలాడు. నేను వెనక చక్రం పైకెత్తి తిప్పుతున్నాను, వదిన కూడా వచ్చి సీటు పట్టుకుంది. అందరం అటు వంగి ఉన్నప్పుడు వెనక ఏదో చప్పుడైంది. చూస్తే ఒక పెద్ద కోతి పులిహోర డబ్బా చంకలో పెట్టుకుని గట్టు ఎక్కుతోంది. అన్నయ్య అది చూసి నవ్వడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం అందరం పెరుగన్నంతోనే సరిపెట్టుకున్నాం.