అమ్మా... నిజంగానే ఓడిపోయావా?

‘అమ్మా, చివరి రౌండులో బండి ఎందుకు నెమ్మది చేశావు?’

గెలిచిన పిల్లాడు అడగాల్సిన ప్రశ్న కాదది. హెల్మెట్‌ తీసేసి ఎగిరి గంతులేస్తాడనుకున్నా. మావాడు మాత్రం కౌంటర్లో ఇచ్చిన కాగితం పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. ఎవరు ఏ రౌండు ఎన్ని సెకన్లలో పూర్తిచేశారో అందులో వరసగా అచ్చేసి ఉంటుంది. తొమ్మిది రౌండ్లూ 41, 42 సెకన్లలో తిరిగిన అమ్మకు పదో రౌండులో 47 సెకన్లు ఎందుకు పట్టాయన్నది వాడి అనుమానం.

‘బండిలో ఏదో తేడా చేసిందిరా’ అన్నా. నమ్మలేదు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

అసలీ గోకార్టింగ్‌ పిచ్చి మా ఇంట్లోకి ఎలా వచ్చిందంటే... 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. మనదేశంలో ఆ పోటీ పెట్టడం అదే మొదటిసారి. అప్పటికి మావాడికి ఎనిమిదేళ్లు. పెట్రోలు లేకుండానే రివ్వున దూసుకుపోయే ఆ కార్లను టీవీలో చూసిన రోజు నుంచీ మా హాల్లో దిండ్లన్నీ మలుపులయ్యాయి, కుక్కర్‌ మూత స్టీరింగయింది. పెద్దపెద్ద రేసర్లంతా గోకార్ట్‌తోనే మొదలుపెట్టారని ఎవరు చెప్పారో ఏమో, ఇక రోజూ అదే పాట. పదేళ్లు నిండి, ఎత్తు సరిపోయాక నగర శివార్లలోని ఓ ట్రాక్‌కు తీసుకెళ్లాం. మావారికి నడుంనొప్పి. కాబట్టి పిల్లాడికి తోడుగా నేనే దిగాలి. గుంటూరులో కాలేజీ రోజుల నుంచీ స్కూటీ నడిపినదాన్ని, ఇదో లెక్కా అనుకున్నా.

కూర్చున్నాకగానీ తెలిసిరాలేదు! ముందు చున్నీ తీసేయమన్నారు. జడ ముడేసి హెల్మెట్‌ లోపలికి దోపుకోమన్నారు. వెనక గిర్రున తిరిగే ఇరుసుకు జుట్టో బట్టో చుట్టుకుంటే ప్రాణాలకే ముప్పు. ఈ విషయంలో మొహమాటాలు పనికిరావు. ఇక బండి సంగతి. గేర్లుండవు. కుడికాలి కింద యాక్సిలరేటర్‌, ఎడమకాలి కింద బ్రేకు... అంతే. స్ప్రింగుల్లాంటివేవీ లేవు కాబట్టి ఏ చిన్న గతుకైనా నేరుగా మన వెన్నెముకకే తగులుతుంది. కారు మలుపు తిరిగేటప్పుడు లోపలివైపు చక్రం నెమ్మదిగా, బయటివైపుది వేగంగా తిరిగే ఏర్పాటుంటుంది. దీనికి అదీ లేదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. అందుకే నాలుగు మలుపులు తిప్పేసరికి భుజాలు పీకేస్తాయి. ముల్లు యాభై కిలోమీటర్లు దాటకపోయినా నేలకు బెత్తెడు ఎత్తున కూర్చుంటాం కదా, నూరు దాటినట్టే ఉంటుంది!

1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్‌ ఇంగెల్స్‌ అనే ఆయన ఇనుప గొట్టాలతో చట్రం కట్టి, దానికి గడ్డికోసే యంత్రం ఇంజిన్‌ బిగించి తొలి కార్ట్‌ తయారుచేశాడు. ఇన్నేళ్లయినా దాని స్వరూపం పెద్దగా మారలేదు.

మొదటి రెండు నెలలూ గెలుపు నాదే. మావాడు ప్రతి మలుపులోకీ అదే వేగంతో దూరిపోయేవాడు. బండి పక్కకు జారి టైర్ల గోడకు తగిలేది. నేనేమో ట్రాక్‌లో కుర్రాడు చెప్పింది బుద్ధిగా విన్నా. బ్రేకు మలుపులో కాదు, దానికి ముందే, దారి తిన్నగా ఉన్నప్పుడే వేసెయ్యాలి. బయటి అంచు నుంచి మొదలుపెట్టి, మధ్యలో లోపలి అంచును ఆనుకుని, మళ్లీ బయటి అంచుకు రావాలి. చుట్టూ తిరిగినట్టుంటుందిగానీ వేగం చేజారదు.

ఓడినప్పుడల్లా వాడు కాసేపటిదాకా హెల్మెట్‌ తీసేవాడు కాదు. లోపల కళ్లు తుడుచుకుంటున్నాడని నాకు తెలుసు. ఆ ఆదివారం చివరి రౌండులో వాడు సరిగ్గా నా వెనకే ఉన్నాడు. నా కాలు దానంతటదే యాక్సిలరేటర్‌ మీంచి లేచింది. ఏ అమ్మయినా అంతేగా!

కానీ, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మావాడి అలక వల్ల కాదు. మా నాన్న గుర్తొచ్చి.

ఎండాకాలం సెలవుల్లో నాన్నా నేనూ క్యారమ్స్‌ ఆడేవాళ్లం. ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని. వీధంతా గొప్పలు చెప్పుకునేదాన్ని. ఇంటర్లో చేరాక ధీమాగా కాలేజీ పోటీకి పేరిచ్చా. మొదటి ఆటలోనే ఓడిపోయా, అదీ చిత్తుగా. ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మ నోరుజారింది... ‘మీ నాన్న నిన్నెప్పుడు ఓడించారు గనక!’ కాలేజీలో ఓడినందుకు ఒక పూట ఏడ్చా. అన్నేళ్ల గెలుపుల్లో ఒక్కటీ నాది కాదని తెలిసినందుకు చాలా రోజులు ఏడ్చా. ఆ తర్వాత మళ్లీ నాన్నతో బోర్డు ముందు కూర్చోలేదు. కన్నబిడ్డ చేతిలో ఓటమిని కోరుకోవాలని పెద్దలంటారు. నిజమే. కోరుకోమన్నారుగానీ, ఓడినట్టు నటించమనలేదుగా!

పొద్దున్నే ఒప్పేసుకున్నా. ‘నేనే నెమ్మది చేశా నాన్నా. ఇంకెప్పుడూ అలా చెయ్యను.’

‘ఒట్టు?’

‘ఒట్టు.’

‘అయితే నిన్నటిది నేను గెలిచినట్టు కాదు’ అంటూ క్యాలెండర్లో తన పేరుకెదురుగా వేసుకున్న టిక్కును కొట్టేశాడు. పదకొండేళ్లవాడికి ఉన్న ఆ పట్టింపు ముందు నా జాలి చాలా చిన్నదైపోయింది.

అప్పటి నుంచీ రాత్రి భోజనాల దగ్గర మాకివే కబుర్లు. మైకేల్‌ షూమాకర్‌ నాన్న జర్మనీలోని కెర్పెన్‌లో కార్ట్‌ ట్రాక్‌ చూసుకునేవాడు. అమ్మ అక్కడి క్యాంటీన్లో పనిచేసేది. 2005లో ఫార్ములా వన్‌లో అడుగుపెట్టిన తొలి భారతీయుడు నరైన్‌ కార్తికేయన్‌ తండ్రి కూడా ర్యాలీ డ్రైవరే. అన్నిటికన్నా నాకు నచ్చింది మాక్స్‌ వెర్‌స్టాపెన్‌ కథ. 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగుసార్లు ప్రపంచ ఛాంపియనైన అతని తండ్రి జోస్‌ ఫార్ములా వన్‌ డ్రైవరని అందరికీ తెలుసు. తల్లి సోఫీ కుంపెన్‌ కూడా 1990ల్లో మగవాళ్లతో పోటీపడి కార్ట్‌లు నడిపిన రేసరే. ఆ సంగతి విన్నాక మావాడు నన్ను కాస్త గౌరవంగా చూడటం మొదలుపెట్టాడు!

ఒట్టేసుకున్నాక ఆరు ఆదివారాలు వాణ్ని వరసగా ఓడించా. ఒక్కోసారి ప్రాణం ఉసూరుమనేది. అయినా కాలు లేపలేదు. ఏడో ఆదివారం మావాడు మలుపుకు ముందే బ్రేకేశాడు. అచ్చం నేను వెళ్లే దారినే వెళ్లాడు. ఎనిమిదో రౌండులో లోపలి అంచు దగ్గర నేను వదిలిన కాస్త సందులోంచి దూరిపోయాడు. వెంటపడ్డా. పళ్లు బిగించా. అందుకోలేకపోయా. తేడా అర సెకను కూడా లేదు.

నిజం చెప్పొద్దూ, భలే ఉక్రోషమొచ్చింది. ‘నీ బరువు ముప్ఫయ్యారు కిలోలు, నాది అరవై ఎనిమిది. పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా ఎక్కువ తేడా! అసలైన పోటీల్లో అయితే బరువు తక్కువున్నవాళ్ల సీటుకు సీసం దిమ్మలు బిగిస్తారు తెలుసా?’ అన్నా.

‘నువ్వు గెలిచినప్పుడు గుర్తురాలేదేం ఈ బరువు?’ అన్నాడు.

మావారు పగలబడి నవ్వారు. మావాడు నవ్వలేదు. కౌంటర్‌ దగ్గరికి పరుగెత్తి కాగితం తెచ్చాడు. చూసుకుంది తన అంకెలు కాదు, నావి! పదో రౌండు మీద వేలు పెట్టి ఆగాడు. 40.8 సెకన్లు. ఇన్ని వారాల్లో నేను అంత వేగంగా తిరిగిన రౌండు ఇంకోటి లేదు. అప్పుడు ఎగిరాడు గంతు!

ఇంటికొస్తూ దారిలోనే నాన్నకు ఫోన్‌ చేశా.

‘నాన్నా, మన క్యారమ్స్‌ బోర్డు ఉందా?’

‘అటక మీదుంది. ఎందుకమ్మా?’

‘దింపించు. సంక్రాంతికి వస్తున్నాం. ఈసారి నువ్వు నిజంగా ఆడాలి.’

అటువైపు కాసేపు మాటల్లేవు. తర్వాత చిన్నగా నవ్వు.

‘సరే. ఓడితే ఏడవకూడదు మరి!’