శిఖంలో ఆట

ఎండాకాలం సెలవులొచ్చేసరికి మా చెరువు సగానికి పైగా నేలను పిల్లలకు వదిలేసేది. ముందు నెర్రెలు విచ్చిన నల్లమట్టి, దాని వెనక గరిక, ఆ పైన తుమ్మచెట్లు. పెద్దవాళ్లు దాన్నంతా శిఖం అనేవాళ్లు. మాకది క్రికెట్ గ్రౌండు. వికెట్లకు తుమ్మకొమ్మలు, బౌండరీకి తుమ్మచెట్ల వరస. మధ్యలో మేసే బర్రెకు బంతి తగిలితే ఎన్ని పరుగులన్నది ఏ సెలవుల్లోనూ తేలలేదు. హైదరాబాదుకు తూర్పున, మూసీ వైపు దిగే వాలులో ఉండేది మా ఊరు. 1980ల మొదట్లో సిటీ బస్సు మా కట్టదాకా వచ్చి వెనక్కి తిరిగేది.

శిఖంలో దోసపాదులు పెట్టుకునేవాళ్లున్నారు, మేకలు కట్టేసుకునేవాళ్లున్నారు. గోడ లేపినవాళ్లు మాత్రం లేరు. ఒకసారి ఎవరో గుడిసెకని గుంజలు పాతుతుంటే నీరటి తాత కర్ర పట్టుకుని వచ్చాడు. "పందిరేస్కో, ఒద్దన. గోడ లేపకు. భాద్రపదంల అది ఈడిదాంక వస్తది" అన్నాడు. 'అది' అంటే నీళ్లు. తూము తీయడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు పారాలో చూడడం ఆయన పని. కూలీ పంటలోంచి వడ్లుగా వచ్చేది. మబ్బులు పట్టే కాలానికి కట్ట ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచి, ఎండ్రకాయలు తొలిచిన బొక్కలు వెతికి మన్ను కొట్టించేవాడు. మేం వెంటపడితే "కట్ట మీద దుంకులాటలేంది? దిగుండ్రి, మైసమ్మ చూస్తది" అని అదిలించేవాడు. కట్టమైసమ్మ గుడి తూము పక్కనే. ఆమె భయం వల్లనో, తాత కర్ర భయం వల్లనో, ఆ కట్ట మట్టిని ఎవరూ తవ్వుకుపోలేదు.

మంచి వానలు పడ్డ ఏడు ఏదో ఒక రాత్రి చెరువు నిండి మత్తడి దుంకేది. ఆ హోరు మంచం మీదికి వినిపించేది. తెల్లారేసరికి ఊరంతా అక్కడే. నీళ్లకు ఎదురెక్కే పరకలను గంపలతో, పాత చీరెలతో పట్టేవాళ్లు. మా అమ్మ మాత్రం ఆ చేపల్లో ముళ్లే తప్ప ఏమీ ఉండదని విసుక్కుంటూనే చింతపండు నానబెట్టేది. నాయిన మొదట చేసే పని వేరు. కింది ఊళ్లో ఉన్న మా మామకు మనిషితో కబురు పంపేవాడు: మాది దుంకింది, ఇక మీ వంతు. మా మత్తడి నీళ్లు వాళ్ల చెరువుకు, అక్కడి నుంచి ఇంకో కుంటకు, చివరికి మూసీకి. గొలుసుకట్టు. వాళ్ల చెరువు నిండేలోగా మామకు వాగు ఒడ్డున ఉన్న మోటారు విప్పుకుని, వడ్ల బస్తాలు అటక మీదికి ఎత్తుకునేంత వ్యవధి దొరికేది. వరదను ఆపడం అలా ఉంచి, దాన్ని ఆలస్యం చేయడమే ఎంత పెద్ద పనో నాకు మామ బస్తాల వల్ల తెలిసింది.

అలాగని చెరువులుంటే చాలు అనుకోవడానికి లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నగరాన్ని ముంచినప్పుడు ఎగువ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని ఇంజనీరు విశ్వేశ్వరయ్య లెక్క తేల్చాడు. తెగిన చెరువు వానకంటే ప్రమాదం. అందుకే ఆయన ఎగువన పెద్ద జలాశయాలు కావాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. వరద వచ్చినప్పుడు పట్టుకోవడానికి వాటిలో చోటు మిగిలి ఉండాలన్నది ఆ ఆలోచనలోనే ఉంది. మా శిఖం చేసిన పనీ అదే. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండిపోయి, పనికిరానట్టు కనిపించడం దాని కొలువు.

ఆ పనికిరానితనాన్నే మనం సహించలేకపోయాం. శిఖంలో మొదట ప్లాట్ల రాళ్లు పడ్డాయి, తర్వాత కాలనీ లేచింది. 2020 అక్టోబరు 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన పడింది. ఆ రోజుల్లోనే పాతబస్తీ వైపు పల్లె చెరువు, గుర్రం చెరువు తెగాయి. మా కాలనీలో కార్లు తేలాయి. నీళ్లు ఎందాకా వచ్చాయో మరునాడు గోడల మీద చార చూస్తూ నడిచాను. అది సరిగ్గా మా బౌండరీ దగ్గర, ఒకప్పటి తుమ్మచెట్ల వరస దగ్గర ఆగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. అంటే కురిసే వాన ఇంకా బరువుగా కురుస్తుంది. చార రేపు ఇంకా పైకే పోతుంది.

ఇలాంటి వాననీళ్లను నగరమే పీల్చుకునేలా చైనా 2015లో స్పాంజి నగరాల పథకం మొదలుపెట్టింది. పల్లపు తోటలు, మడుగులు, నీళ్లు దిగే పేవ్‌మెంట్లు. మంచివే. కానీ మా ఊళ్లో బావి తవ్వితే కాస్త మట్టి, ఆ కింద మొరం, ఇంకా కింద పలుగు దిగని గుండు. ఈ నేల గబగబా తాగలేదు, గుటక గుటకగా తాగుతుంది. అందాకా నీళ్లు నిలబడటానికి జాగా కావాలి. ఇంకుడుగుంత తవ్వి ఫొటో తీసుకుని, నెల తిరక్కుండా దాని మీద టైల్స్ పరిచిన ఇళ్లు నాకు తెలుసు. చెరువు అందంగా ఉండాలని చుట్టూ రాతిగోడ, నడకదారి, ఫౌంటెన్ పెట్టడమూ చూస్తున్నాను. ఎగువ కాలువ వచ్చి ఆ గోడకు గుద్దుకుని పక్క వీధిలోకి మళ్లుతుంది. లోపల ఫౌంటెన్ మాత్రం బోరు నీళ్లతో ఆడుతుంటుంది.

మా కాలనీలో పార్కు కోసం వదిలిన జాగా ఒకటుంది, రోడ్డుకంటే మోకాలెత్తు పల్లం. మొరం పోయించి ఎత్తు చేయాలని మొన్న సమావేశంలో పెట్టారు. నేను ఇంకా లోతు తవ్వి, గరిక, తంగేడు వేసి, రెండు వీధుల వాననీళ్లు అందులోకి మళ్లిద్దామన్నాను. ఒకటి రెండు రోజులు నిలిచి దిగిపోతాయి, మిగతా రోజులు పిల్లలు ఆడుకుంటారు. దోమల సంగతేంటని అడిగారు. రెండు రోజుల్లో దిగిపోయే నీళ్లలో గుడ్లు దోమలయ్యేదాకా రావని చెప్పాను. అందరూ నమ్మలేదు. బతుకమ్మ ఆడటానికి చోటు పోతుందా అని ఒకామె అడిగితే, వాలుగా తవ్వుతాం, గట్టు మీద ఆడొచ్చు అన్నాం. ఓట్లు సగం సగం చీలాయి. మొరం లారీకి ఇచ్చిన అడ్వాన్సు ప్రస్తుతానికి వెనక్కి తీసుకున్నారు, వచ్చే సమావేశం దసరా తర్వాత.