రెండవ కెమేరా

తాటాకు గ్రంథమును మీలో ననేకులు బొమ్మలలోనే చూచి యుందురు. మూరకు కొంచెము తక్కువ పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గల ఆకులను సమముగా కోసి, రంధ్రము చేసి, త్రాటికి గ్రుచ్చి, పైని క్రిందను చెక్కలు పెట్టి కట్టిన కట్ట అది. అందలి అక్షరములు సిరాతో వ్రాసినవి కావు, గంటముతో గీసినవి. గీసిన పిమ్మట ఆకుపసరుతో నూరిన మసిని పూసి తుడిచినచో, గీతలలో మసి నిలిచి అక్షరములు నల్లగా కనబడును. మసి రాలిపోయిన ఆకు చూచుటకు శూన్యముగా నుండును. అట్టి దానికి దీపమును ప్రక్కనుండి చూపవలెను. అప్పుడు ప్రతి గీతయు సన్నని నీడను పొంది, అక్షరములు మరల లేచి వచ్చును.

తెలుగు పండితుడనై, ప్రధానోపాధ్యాయుడనై, ఉద్యోగము నుండి విరమించిన తరువాత ఇట్టి గ్రంథములకు ఫొటోలు తీయుట నాకు నిత్యకృత్యమైనది. ఆ పనికి రెండవ కెమేరా యేల కావలసి వచ్చెనో, దాని నెట్లు ఎంచుకొంటినో ఇచట వ్రాయుచున్నాను.

కెమేరాకు ముందు భాగమున నుండు గాజుల గొట్టము కటకము, అనగా లెన్స్. దానిని విప్పివేయగా మిగులు పెట్టెను ఛాయాచిత్రకారులు బాడీ యందురు. శరీరమని తెనిగింపవచ్చును గాని, అంగడిలో ఆ మాట చెప్పినచో వైద్యుని యింటికి దారి చూపుదురు. నా కెమేరా అద్దము గల జాతిది. కటకము నుండి వచ్చిన వెలుగు, లోపల ఏటవాలుగా నున్న అద్దముపై పడి, పైనున్న గాజుదిమ్మె గుండా మన కంటికి చేరును. మీట నొక్కగానే అద్దము పైకి లేచును, షట్టర్ అను తెర తెరచుకొనును, వెనుకనున్న సెన్సర్ మీద వెలుగు పడును. మరుక్షణమున తెర మూసికొనును, అద్దము దిగును. ఇంత సంచలనము ప్రతి ఫొటోకును జరుగును. అరుగుదల తప్పదు. నమూనాను బట్టి షట్టర్లు లక్ష మొదలు రెండు లక్షల ఫొటోల వఱకు పనిచేయునని అంచనా వేసి చేయుదురు. అది అంచనాయే. కొన్ని యంతకు మించి బ్రతుకును, కొన్ని నడుమనే ఆగును.

2018లో కృష్ణ యొడ్డున నున్న ఒక గ్రామమునకు పోయితిని. అచట పరంపరగా వైద్యము చేసిన వారి యింట, అటకమీద, 148 ఆకుల వైద్యగ్రంథ మొకటి యుండెను. ఆ యిల్లు అమ్ముడుపోయినది. మఱునాడే తాళములు కొన్నవారికి ఈయవలెను. యజమానుని తల్లి, ఎనుబది యేండ్లు దాటిన వృద్ధురాలు, "పంతులుగారూ, మా మామగారు దీనిని చూచియే మందులు నూరెడివారు. ఊరు విడిచిన తరువాత దీని గతి యేమగునో నాకు తెలియదు. ఈ దిన మొక్కటి మీది" అనెను.

ఉదయము ఎనిమిది గంటలకు ప్రారంభించితిమి. ఆ యూరి ఉపాధ్యాయు డొకడు నాకు తోడు వచ్చెను. అతడు ఆకును మెత్తని కుంచెతో తుడిచి నల్లని గుడ్డమీద పఱచును, నేను తీయుదును, అతడు త్రిప్పును, మరల తీయుదును. ఆకునకు రెండు నిమిషములు పట్టుచుండెను. పదునొకండు గంటలు కావచ్చుసరికి 83 ఆకులు ముగిసెను. ఎనుబదినాలుగవ దానికి మీట నొక్కగా, ఎన్నడును వినని చప్పుడొకటి వినబడి, అద్దము పైకి లేచి అచటనే నిలిచిపోయెను. బ్యాటరీ మార్చితిని. కటకము విప్పి మరల బిగించితిని. అద్దము దిగలేదు.

ఉపాధ్యాయుడు తన ఫోనుతో తీసి చూచెను. బొమ్మ వచ్చినది గాని, బొమ్మను నునుపు చేయు ప్రయత్నములో ఆ ఫోను గంటపు గీతలను గూడ నునుపు చేయుచుండెను. ఆకునారకును అక్షరమునకును భేదము తెలియలేదు. ఇంతకన్న మేలుగా తీయు ఫోనులు లేకపోలేదు. మాకడ నున్నది మాత్రము అది. ఇక చేయునది లేక ఇద్దరమును కాగితములు తీసికొని చేతితో వ్రాయ మొదలిడితిమి. దీపాలవేళకు ఆరు ఆకులు ముగిసెను. తక్కిన 59 ఆకులు కట్టలో నుండగనే, ఆ కట్ట సామానుతోపాటు పట్టణమునకు పోయెను. బయలుదేరునపుడు ఆ తల్లి, "ఒంటి కన్ను కన్ను కాదందురు గదా, నాయనా" అనెను. అది నాకు ఓదార్పో, ఉపదేశమో తెలియలేదు.

పూర్వులు దీని నెఱుగనివారు కారు. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఒకే కావ్యమునకు పెక్కు తాటాకు ప్రతులు సేకరించి, పండితులకు జీతములిచ్చి, వానిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక ప్రతిలో చెదలు తినిన పద్యము మఱియొక ప్రతిలో చెక్కుచెదరక యుండును. ఆయన కూర్చిన గ్రంథములు పెక్కు నేటికిని చెన్నపట్టణమున ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారములో నున్నవి. మా వైద్యగ్రంథమునకు రెండవ ప్రతి యున్నట్లు ఆ యింటివారెవ్వరును వినలేదు. కావున రెండవ కెమేరా యైనను ఉండవలెను.

నా పూర్వశిష్యు డొకడు పట్టణమున ఫొటో స్టూడియో నడుపుచున్నాడు. అతడు పెండ్లిండ్లకు పోవునపుడు మెడలో రెండు కెమేరాలు వ్రేలాడును. ఫిల్ము నాటి వారును ఇట్లే చేసెడివారట; 36 బొమ్మలతో చుట్ట ముగిసినచో, మార్చులోపల మాంగల్యధారణ ముగియును గదా. అతని సలహా యడిగితిని.

"మాస్టారూ, చిన్న సెన్సర్ గల క్రొత్త బాడీ తీసికొనుడు. తేలిక, చౌక. 24 మెగాపిక్సెల్లే, మీ దానితో సమానము" అనెను.

ఆ మాట నిజమే. రెండింటను పొడవున 6000 చుక్కలు వచ్చును. ఆకు పొడవు 400 మిల్లీమీటర్లు. అనగా మిల్లీమీటరునకు 15 చుక్కలు. మూడు మిల్లీమీటర్ల యక్షరమునకు 45 చుక్కలు దొరకును. చదువుటకు అవి చాలును. చిక్కు మఱియొక చోట నున్నది. నా కెమేరా సెన్సర్ పొడవు 36 మిల్లీమీటర్లు. 400ను 36చే భాగించి, ఒకటి కలిపి, కటకపు నాభ్యంతరమైన 50చే గుణింపుడు. సుమారు 606 వచ్చును. కటకము ఆకునకు ఇంచుమించు 60 సెంటీమీటర్ల యెత్తున నుండవలె నన్నమాట. చిన్న సెన్సర్ పొడవు 23.5 మిల్లీమీటర్లు. అదే లెక్క చేసినచో 901 వచ్చును. మా యూరి వడ్రంగి నాకు చేసి యిచ్చిన టేకు నిలువుకఱ్ఱ ఎత్తు 75 సెంటీమీటర్లే! మొదటి కెమేరా ఆగినపుడు రెండవ దానిని బిగించుటకు క్రొత్త కఱ్ఱను వెదకవలసి వచ్చినచో, అది యక్కఱకు వచ్చినట్లా?

శిష్యుడు ఊరకుండలేదు. "35 మిల్లీమీటర్ల కటకము పెట్టుడు" అనెను. లెక్క వేసితిని, 631 వచ్చినది. కఱ్ఱకు సరిపోవును. పైగా కటకము మాత్రము చెడదా, దానికిని జోడు దొరకును గదా యని అతడనెను. ఆ వాదమున బలము కలదు. నేను పాఠము చెప్పిన పిల్లవాడు నాకు లెక్క చెప్పుట సంతోషముగనే యుండెను. అయినను అతడు చూపిన బాడీకి బ్యాటరీ వేఱు, చార్జర్ వేఱు, మీటలున్న తావులు వేఱు. కార్డు పెట్టు చోటు ఒక్కటే. నా దానికి రెండు కార్డులు పట్టును. ప్రతి ఫొటోయు రెండింటను వ్రాయబడును. తొందరలో నున్నపుడు చేయి తానే మీట వెదకుకొనవలెను.

పిమ్మట అతడు అద్దము లేని జాతిని గూర్చి చెప్పెను. నికాన్, కెనాన్ సంస్థలు పెద్ద సెన్సర్‌తో ఇట్టివి చేయుట 2018లోనే ప్రారంభించెను. అద్దము లేనిచో అద్దము ఇఱుకుట లేదు. కాని అద్దమునకు చోటు విడువనక్కఱ లేనందున కటకము బిగించు వలయము సెన్సర్‌కు దగ్గఱగా జరిగినది. నికాన్‌వారు 1959 నుండి వాడిన వలయమునకును సెన్సర్‌కును నడుమ 46.5 మిల్లీమీటర్లు, క్రొత్తదానిలో 16. కెనాన్‌వారి 1987 నాటి దానిలో 44, క్రొత్తదానిలో 20. పాత కటకము వాడవలెనన్న ఆ యెడమును పూరించు గొట్ట మొకటి నడుమ తగిలింపవలెను. ధనమున్నవారికి అది మంచి త్రోవయే. నేడు ఆ రెండు సంస్థల క్రొత్త నమూనాలు అద్దము లేనివే. నా పింఛనుకు ఆ వెల యెక్కువ. అంతకన్న ముఖ్యముగా, అది తోడు కెమేరా కాదు, ఇంకొక సంసారము.

కడకు నా కెమేరా నమూనాయే, ఒకరు వాడినది, కొనుటకు నిశ్చయించితిని. పెండ్లి ఫొటోలు తీయు నొకడు అద్దము లేని దానికి మారుచు తన పాతదానిని అమ్మకమునకు పెట్టెను. వెల క్రొత్తదానిలో సగముకన్న తక్కువ. పాతది కొనునపుడు పై మెఱుగు చూచి మోసపోరాదు. అంతవఱకు తీసిన ఫొటోల సంఖ్యను శిష్యుడు బొమ్మలోని దాపుడు వివరముల నుండి చదివెను, 41 వేలు. కటకపు ద్వారమును మిక్కిలి చిన్నది చేసి తెల్లగోడను తీసితిమి. సెన్సర్ మీది దుమ్ము నల్లని చుక్కలై కనబడెను. అది తుడిచిన పోవును. మూత పెట్టి ముప్పది క్షణములు తెర తెరచి యుంచితిమి. చెడిన కణము లున్నచో చీకటిలో నక్షత్రములవలె మెఱయును. రెండు మూడు మెఱసెను. అవి లెక్కింపదగినవి కావు. వార్తాపత్రిక నొకదానిని గోడకు అంటించి, నాలుగు మూలల అక్షరములును సమముగా వచ్చుచున్నవా యని చూచితిమి. రెండు కార్డుల చోట్లను వేఱువేఱుగ పరీక్షించి, అప్పుడు సొమ్ము లెక్కించితిని.

ఇంటికి తెచ్చిన తరువాత రెండు పనులు చేసితిని. రెండింటి గడియారములను ఒక్కటిగ సరిపెట్టితిని. లేనిచో ఆకుల వరుస తారుమారగును. రెండవదాని ఫొటోల పేర్లకు ముందు వేఱు అక్షరములు పెట్టితిని. లేనిచో ఒకే సంఖ్య గల రెండు బొమ్మలలో ఒకటి రెండవదానిని తుడిచివేయును. రంగుల భేదమునకు ప్రతి కట్టకు ముందు బూడిదరంగు అట్టను రెండింటను తీయుదును.

2019లో, మొదటిసారి పోయిన పదునొకండు నెలలకు, ఆ కుటుంబము నాకు మరల కబురంపెను. పట్టణమున వారిది అద్దెయిల్లు. కట్టను గోడ అలమరలో పెట్టిరి. వానకాలమున ఆ గోడ చెమ్మగిలినది. మేము తీయవలసిన 59 ఆకులలో ఏడింటిని చెదలు తినివేసినవి. తక్కిన 52 ఆకులను మధ్యాహ్నము లోపల ముగించితిమి. సగము మొదటి కెమేరాతోను, సగము రెండవదానితోను తీసితిని. ఎన్నడును వాడక సంచిలో నుంచిన యంత్రమును నేను నమ్మను. ఆ దినమున రెండింటిలో ఏదియు ఆగలేదు.

చెదలు తినిన యేడింటిలో నాలుగింటికి అంచులు మిగిలి యుండెను. వానిని గూడ పఱచి తీసితిమి. ఒక తునుకపై "పిప్పళ్లు, శొంఠి" అని రెండు మాటలు నిలిచినవి. నేను పైకి చదువగా ఆ వృద్ధురాలు మంచముపై లేచి కూర్చుండి, "అది పిల్లల దగ్గునకు. తరువాతిది నాకు వచ్చును" అని, తూకములతో సహా చెప్పసాగెను. ఉపాధ్యాయుడు కుంచె క్రింద పెట్టి కాగితము తీసికొనెను.