దోనె దిగాక వచ్చిన జ్వరం

మాది పెదపాడు. మా బాబాయిది కొల్లేటి లంక. తాటిమాను తొలిచిన దోనె మీద గెడ వేస్తూ పెరిగిన మనిషి. నీళ్ళంటే భయం ఎరగడు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి కొల్లేటిలో పడ్డప్పుడు, వారం రోజులు దోనె మీద ఊరివాళ్ళకు సరుకులు చేరవేశాడు. నడుంలోతు నీళ్ళలో దిగి దోనెను తోశాడు. కాలికి గాజుపెంకు గీసుకుపోయినా లెక్కచేయలేదు. పది రోజులకు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి. కళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత పచ్చబడ్డాయి.

"కామెర్లురా, పసరు పోయిస్తే పోతుంది" అన్నాడు. మేమూ తలూపాం. రెండు రోజులు గడిచి మూత్రం తగ్గేసరికి హడలిపోయి ఏలూరు తీసుకెళ్ళాం.

అది ఎలుక జ్వరం. డాక్టర్లు లెప్టోస్పైరోసిస్ అంటారు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలోని క్రిములు గాయాల గుండా ఒంట్లోకి చేరతాయి. మొదట్లోనే పట్టుకుంటే యాంటిబయాటిక్ మందులతో నయమవుతుంది. అశ్రద్ధ చేస్తే మూత్రపిండాలు, కాలేయం దెబ్బతింటాయి. బాబాయి అదృష్టం బాగుండి బతికాడు.

వరద నీళ్ళలో దిగక తప్పనివారు గాయానికి తడి తగలని కట్టు కట్టుకోండి. ఒడ్డుకు రాగానే సబ్బుతో కాళ్ళు కడుక్కోండి. నెలలోపు జ్వరం వస్తే, "వరద నీళ్ళలో తిరిగాను" అని డాక్టరుగారికి మీరే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పడానికి మేము రెండు రోజులు ఆలస్యం చేశాం.